అంకె పెరిగితే చాలదు: డయాలిసిస్ రోగుల రక్తహీనత మందులను దేని మీద పరీక్షించాలి?

డయాలిసిస్ మీద ఉన్నవారి ఇంట్లో నెలనెలా వచ్చే రక్తపరీక్ష రిపోర్టులో అందరి చూపూ మొదట ఆగేది హిమోగ్లోబిన్ దగ్గరే. పొటాషియం, ఫాస్ఫరస్, క్రియాటినిన్ వంటివి ఎన్ని ఉన్నా, ‘రక్తం ఎంత ఉంది’ అన్న ప్రశ్నకు జవాబు ఆ ఒక్క అంకెలోనే ఉందని రోగి నమ్ముతాడు, ఇంటివాళ్లు నమ్ముతారు, చాలాసార్లు డాక్టరు కూడా ఆ అంకెతోనే మాట మొదలుపెడతారు. ఆ నమ్మకాన్ని నేను తప్పుపట్టను. అయితే ఇంట్లో సహజమైన ఈ అలవాటే మందులను పరీక్షించే శాస్త్రంలోకి కూడా చొరబడి, హిమోగ్లోబిన్ పెంచిన మందే మంచి మందు అన్న తీర్పుగా స్థిరపడితే ఎంత నష్టం జరుగుతుందో గత ముప్పై ఏళ్ల అనుభవం చూపించింది. డయాలిసిస్ రోగులకు ఇచ్చే ప్రతి రక్తహీనత మందునూ మరణం, గుండెపోటు, పక్షవాతం, ఆసుపత్రిలో చేరవలసి రావడం, నీరసం అనే కొలమానాల మీద, తగినంత మందితో, తగినంత కాలం పరీక్షించాలని, అటువంటి పరీక్షలు మన డయాలిసిస్ కేంద్రాల్లోనే జరగాలని నా వాదన. నేను వైద్యురాలిని కాను. గణాంకశాస్త్రం బోధించే అధ్యాపకురాలిని; మా పిన్నికి డయాలిసిస్ మొదలైన నాటి నుంచి ఈ పరిశోధన పత్రాలను శ్రద్ధగా చదువుతూ వస్తున్నాను.

ముందు జబ్బు సంగతి. ఎర్ర రక్తకణాలు ఎముక మజ్జలో తయారవుతాయి. ఎన్ని తయారు కావాలో మజ్జకు తెలియజేసే హార్మోను ఎరిత్రోపాయిటిన్. పెద్దవారిలో దాన్ని చాలావరకు మూత్రపిండాల్లోని సూక్ష్మనాళికల చుట్టూ ఉండే కణాలే తయారుచేస్తాయి. కిడ్నీలు దెబ్బతినేకొద్దీ ఆ హార్మోను చాలినంత అందదు. దానికి తోడు డయాలిసిస్ జరిగిన ప్రతిసారీ గొట్టాల్లోనూ ఫిల్టరులోనూ కొంత రక్తం మిగిలిపోతుంది, పరీక్షలకు మరికొంత తీస్తారు. ఈ విధంగా ఏడాదికి ఒకటి నుంచి మూడు గ్రాముల దాకా ఇనుము ఒంట్లోంచి పోతుంది. పోయిన ఇనుమును మాత్రలతో భర్తీ చేద్దామంటే కాలేయం నుంచి వెలువడే హెప్సిడిన్ అనే పదార్థం అడ్డుపడుతుంది. కిడ్నీ జబ్బులో అది ఎక్కువగా పేరుకుని, పేగు నుంచి ఇనుము రక్తంలోకి చేరకుండా చేయడమే కాక, ఒంట్లో అప్పటికే నిల్వ ఉన్న ఇనుమును కూడా బయటకు రానివ్వదు. అందువల్లనే ఇనుము నిల్వలను చూపే ఫెరిటిన్ రిపోర్టులో ఎక్కువగా కనిపిస్తున్నా మజ్జకు ఇనుము కరువై ఉండవచ్చు. డయాలిసిస్ వార్డులో ‘రక్తం పెరిగే ఇంజెక్షన్’, ‘ఐరన్ ఇంజెక్షన్’ అని రెండు వేర్వేరు మందులు వినబడటానికి కారణం ఇదే.

ఆ మొదటి ఇంజెక్షన్ రాకముందు పరిస్థితి ఎలా ఉండేదో గుర్తుచేసుకోకుండా దాని మీద విమర్శ చేయడం న్యాయం కాదు. 1980ల చివరి దాకా డయాలిసిస్ రోగికి రక్తం తగ్గితే రక్తం ఎక్కించడమే ప్రధాన మార్గం. మళ్లీ మళ్లీ రక్తం ఎక్కించడం వల్ల హెపటైటిస్ సోకేది, ఇనుము కాలేయంలో పేరుకునేది, అన్నిటికీ మించి ఇతరుల కణజాలానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టి కిడ్నీ మార్పిడికి అవకాశాలు సన్నగిల్లేవి. షికాగోలో యూజీన్ గోల్డ్‌వాసర్ ఏళ్ల తరబడి శ్రమించి, జపాన్‌కు చెందిన తకాజి మియాకే పంపిన సుమారు 2,550 లీటర్ల మూత్రం నుంచి 1977 నాటికి మానవ ఎరిత్రోపాయిటిన్‌ను శుద్ధి చేశారు. ఆ మూత్రం, మజ్జలో రక్తకణాల తయారీ దెబ్బతినే ఎప్లాస్టిక్ ఎనీమియా రోగులది. ఆ తరువాత ఆమ్జెన్ సంస్థలో ఫూ-క్వెన్ లిన్ దాని జన్యువును వేరుచేశారు. సియాటిల్‌లో జోసెఫ్ ఎష్‌బాక్ బృందం 25 మంది డయాలిసిస్ రోగులకు ఆ మందు ఇచ్చి 1987లో ఫలితాలు ప్రకటించింది. రక్తం ఎక్కించుకుంటూ బతుకుతున్నవారికి ఆ అవసరం తప్పిపోయింది. 1989 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. ఇది నిజంగా గొప్ప మేలు. ఆరు, ఏడు దగ్గర ఉన్న హిమోగ్లోబిన్‌ను పదికి తేవడం వల్ల లక్షల మంది మంచం మీద నుంచి లేచి తమ పనులు తాము చేసుకోగలిగారు.

చిక్కు వచ్చిందల్లా ‘పది మంచిదైతే పధ్నాలుగు మరీ మంచిది కదా’ అనుకోవడంతో. అలా అనుకోవడానికి ఆధారం లేకపోలేదు. వేలాది డయాలిసిస్ రోగుల రికార్డులను పరిశీలించిన అధ్యయనాలు చాలావరకు హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉన్నవారు ఎక్కువ కాలం జీవిస్తున్నారనే చెప్పాయి. ఆరోగ్యవంతుడికి ఉన్నంత రక్తమే కిడ్నీ రోగికీ ఉండాలనడం కూడా వినడానికి సబబుగానే ఉంటుంది. ఈ ఊహను సరైన పద్ధతిలో పరీక్షించిన మొదటి పెద్ద ప్రయోగం అనతోల్ బెసరాబ్ బృందం అమెరికాలో జరిపింది. గుండె జబ్బు ఉన్న 1,233 మంది హీమోడయాలిసిస్ రోగులను యాదృచ్ఛికంగా, అంటే చీటీలు తీసినట్టుగా, రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు హిమాటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాలు ఎంత శాతమో చెప్పే లెక్క) 42 శాతానికి, అంటే హిమోగ్లోబిన్ దాదాపు 14కు, తీసుకువెళ్లేటట్టు మందు ఇచ్చారు. రెండో జట్టును 30 శాతం దగ్గర, అంటే దాదాపు 10 దగ్గర, ఉంచారు. 1996లో పర్యవేక్షకులు ఆ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపించారు. 1998లో ప్రచురితమైన లెక్కల ప్రకారం రక్తం ఎక్కువగా ఉంచిన జట్టులో 183 మంది, తక్కువగా ఉంచిన జట్టులో 150 మంది మరణించారు. డయాలిసిస్ రోగికి ప్రాణాధారమైన ఫిస్టులా, గ్రాఫ్ట్ వంటి రక్తమార్గాలు గడ్డకట్టి మూసుకుపోవడం కూడా మొదటి జట్టులో 39 శాతం మందికి, రెండో జట్టులో 29 శాతం మందికి జరిగింది.

ఆ పత్రంలో మరొక సంగతి ఉంది. గణాంకాలు చెప్పే నా వంటివారికి అంతకంటే విలువైన పాఠం దొరకదు. రెండు జట్లలో ఏ జట్టును విడిగా తీసుకుని చూసినా, హిమాటోక్రిట్ ఎక్కువగా ఉన్నవారిలో మరణాలు తక్కువగానే ఉన్నాయి. అయినా హిమాటోక్రిట్ పెంచడానికి మందు ఎక్కువగా ఇచ్చిన జట్టులోనే మరణాలు ఎక్కువ. ఈ రెండూ ఒకేసారి నిజం ఎలా అవుతాయంటే, ఒంట్లో లోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్), ఇన్ఫెక్షన్, పోషకాహార లోపం లేని మనిషికి కాస్త మందుతోనే రక్తం పెరుగుతుంది. ఆ మనిషి ఎలాగూ ఎక్కువ కాలం జీవిస్తాడు. రక్తం పెరగడం అతని ఆరోగ్యానికి గుర్తు మాత్రమే. పచ్చగా ఉన్న చేనులో పంట బాగా పండుతుంది నిజమే కాని, వాడిన ఆకులకు పచ్చరంగు పూసినంత మాత్రాన గింజ పట్టదు. రోగుల రికార్డులను ఎన్ని లక్షలు సేకరించి చూసినా ఈ తేడా పట్టుబడదు, యాదృచ్ఛిక విభజన చేసినప్పుడే బయటపడుతుంది. ‘మా దగ్గర ఇన్నేళ్ల అనుభవం ఉంది, ఈ మందుతో రోగులు బాగున్నారు’ అనేవారికి నేను మర్యాదగా చెప్పగలిగింది ఇదే: అనుభవం ఎంత పెద్దదైనా, ఆ మందు ఇవ్వకపోతే అదే రోగి ఎలా ఉండేవాడో అది చూపించలేదు.

డయాలిసిస్ దాకా రాని కిడ్నీ రోగుల్లోనూ ఇదే తేలింది. 2006లో వెలువడిన చాయిర్ ప్రయోగంలో 1,432 మంది పాల్గొన్నారు. హిమోగ్లోబిన్ లక్ష్యం 13.5గా ఉన్న జట్టులో మరణాలు, గుండె సంబంధ ఘటనలు కలిపి 125 మందికి, 11.3గా ఉన్న జట్టులో 97 మందికి సంభవించాయి. 2009 నాటి ట్రీట్ ప్రయోగం ఇంకా పెద్దది. మధుమేహం, కిడ్నీ జబ్బు రెండూ ఉన్న 4,038 మందిలో సగం మందికి ఎరిత్రోపాయిటిన్ తరహా మందైన డార్బెపోయిటిన్ ఇచ్చి, మిగిలిన సగం మందికి ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చి, రక్తం మరీ తగ్గితేనే వారికీ అసలు మందు అందించారు. గుండె సంబంధమైన మేలు ఏమీ కనబడలేదు. పక్షవాతం మాత్రం మందు జట్టులో 101 మందికి, రెండో జట్టులో 53 మందికి వచ్చింది. ఎరిత్రోపాయిటిన్ అనుమతి పొందిన ఇరవై ఏళ్లకు గాని ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదన్నది నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. 2007లో అమెరికాలో ఈ మందుల వివరపత్రంలో అతి తీవ్రమైన హెచ్చరిక చేర్చారు. 2012లో అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలు హిమోగ్లోబిన్‌ను కావాలని 13 దాటించవద్దని, సాధారణంగా 11.5 పైన ఉంచవద్దని చెప్పాయి.

ఇరవై ఏళ్లు ఎందుకు పట్టిందంటే దానికి శాస్త్రంతో సంబంధం లేని కారణం కూడా ఉంది. అమెరికాలో డయాలిసిస్ ఖర్చును చాలావరకు ప్రభుత్వ బీమా భరిస్తుంది. 2011 వరకు ఈ ఇంజెక్షన్‌కు విడిగా, ఇచ్చిన మోతాదును బట్టి డబ్బు వచ్చేది. ఎక్కువ ఇచ్చినకొద్దీ ఎక్కువ రాబడి. 2011 జనవరి నుంచి మందుతో సహా మొత్తం డయాలిసిస్‌కు ఒకే ప్యాకేజీ ధర నిర్ణయించాక ఆ మందు వాడకం గణనీయంగా తగ్గింది. ఫలితాలను వెల్లడించిన తీరులోనూ లోపం ఉంది. 1998 పత్రం హిమాటోక్రిట్ పెరిగినకొద్దీ రోగుల శారీరక సామర్థ్యం మెరుగుపడిందని రాసింది. 2012లో డేనియల్ కోయిన్ నియంత్రణ సంస్థ దగ్గర ఉన్న పత్రాలను పరిశీలించి, ఒక జట్టును ఇంకో జట్టుతో పోల్చినప్పుడు జీవన నాణ్యతలో అటువంటి మెరుగుదల లేదని చూపించారు. ప్రయోగం ఎలా జరిగిందన్నది ఎంత ముఖ్యమో, దాని ఫలితం పూర్తిగా బయటకు వచ్చిందా అన్నదీ అంతే ముఖ్యం.

ఎంత మందితో పరీక్షించాలన్నది మరొక ప్రశ్న. రక్తం పెంచే పెజినెసటైడ్ అనే మందు కథ దీనికి మంచి ఉదాహరణ. నెలకు ఒక్క ఇంజెక్షన్ చాలునని 2012 మార్చిలో అమెరికాలో డయాలిసిస్ రోగుల కోసం అనుమతించారు. ఏడాది తిరగకుండానే, 2013 ఫిబ్రవరిలో, మొత్తం సరుకును వెనక్కి రప్పించారు. సుమారు 25,000 మంది వాడేసరికి, మొదటి మోతాదుతోనే తీవ్రమైన అలెర్జీ వచ్చి కొందరు చనిపోయారు. అలా ప్రాణం పోయినవారు సుమారు 0.02 శాతం, అంటే 5,000 మందికి ఒకరు. అనుమతికి ముందు జరిగిన మూడో దశ ప్రయోగాల్లో ఆ మందు అందుకున్నవారు రెండు వేలకు లోపే. రెండు వేల మందిలో ఒక్కరికీ రాని దుష్ఫలితం, సుమారు 670 మందిలో ఒకరికి వచ్చే అవకాశాన్ని కూడా మనం పూర్తిగా తోసిపుచ్చలేమని గణాంకశాస్త్రంలో తొలి పాఠాల్లోనే చెబుతాం. దాని అర్థం ప్రతి మందునూ ముందే లక్ష మందికి ఇచ్చి చూడాలని కాదు. అనుమతి వచ్చిన తరువాత కూడా ప్రతి రోగికీ ఏమైందో నమోదు చేసే ఏర్పాటు లేకపోతే పరీక్ష సగంలోనే ఆగిపోయినట్టు. ఎరిత్రోపాయిటిన్ విషయంలోనూ ఇటువంటిదే జరిగింది. యూరప్‌లో 1998 తరువాత ఒక బ్రాండు తయారీలో మార్పు చేశాక, కొందరు రోగుల్లో ఆ మందు మీదనే కాక ఒంట్లో సహజంగా ఉన్న హార్మోను మీద కూడా యాంటీబాడీలు పుట్టి, మజ్జ ఎర్రకణాల తయారీని పూర్తిగా ఆపేసింది. 2002లో నికోల్ కాసాదెవాల్ బృందం అటువంటి 13 మంది రోగుల వివరాలు ప్రచురించింది. మన దేశంలో ఈ మందు అనేక కంపెనీల పేర్లతో దొరుకుతుంది. ధర తగ్గడం మంచిదే. అయితే ఏ రోగికి ఏ నెలలో ఏ బ్రాండు, ఏ బ్యాచ్ ఇచ్చారో రాసి ఉంచని చోట ఇటువంటి ప్రమాదం వచ్చినా కనిపెట్టడం అసాధ్యం.

ఇంతవరకూ హెచ్చరికలే చెప్పాను. బాగా జరిగిన ప్రయోగం ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. నరానికి ఇచ్చే ఐరన్ ఎంత ఇవ్వాలన్నది దశాబ్దాలుగా వివాదం. ఎక్కువ ఇస్తే ఇన్ఫెక్షన్లు పెరుగుతాయని, గుండెకు హాని అని కొందరి భయం. ఇయన్ మక్‌డూగల్ నాయకత్వంలో బ్రిటన్‌లోని 50 కేంద్రాల్లో 2,141 మంది హీమోడయాలిసిస్ రోగులతో పివోటల్ అనే ప్రయోగం జరిపారు. ఒక జట్టుకు ఫెరిటిన్ 700 దాటనంత వరకు, రక్తంలో ఇనుమును మోసే ప్రొటీన్ ఎంత శాతం నిండి ఉందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ 40 శాతానికి చేరనంత వరకు, నెలకు 400 మిల్లీగ్రాముల ఐరన్ సుక్రోజ్ ముందుగానే ఇచ్చారు. రెండో జట్టుకు ఫెరిటిన్ 200 కంటే గాని, శాచురేషన్ 20 శాతం కంటే గాని తగ్గినప్పుడే ఇచ్చారు. మరణం, గుండెపోటు, పక్షవాతం, గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం, ఈ నాలుగింటినీ కలిపి లెక్కించగా మొదటి జట్టులో 29.3 శాతం మందికి, రెండో జట్టులో 32.3 శాతం మందికి సంభవించాయి. ఇన్ఫెక్షన్ల రేటులో తేడా లేదు. ఎరిత్రోపాయిటిన్ అవసరం మొదటి జట్టులో తగ్గింది, రక్తం ఎక్కించవలసిన అవసరమూ తగ్గింది. ఇందులో కొత్త మందు ఏదీ లేదు. అందరి దగ్గరా ఉన్న పాత, చౌక మందును ఎలా వాడాలన్న ప్రశ్నకు నేరుగా రోగి ప్రాణంతో ముడిపడిన జవాబు రాబట్టారు. దీనికి కిడ్నీ రీసెర్చ్ యూకే అనే స్వచ్ఛంద సంస్థ అండగా నిలిచింది, నిధుల్లో ఐరన్ తయారుచేసే కంపెనీ గ్రాంటు కూడా ఉంది. అటువంటి ప్రశ్నను అడిగే తీరిక, పట్టుదల ఉండటాన్ని నేను ఎంతగానో గౌరవిస్తాను.

ఇప్పుడు కొత్తగా వచ్చినవి మాత్రలు. ఒంట్లో ఆక్సిజన్ తగ్గినప్పుడు కణాలు దాన్ని ఎలా పసిగడతాయో కనుగొన్నందుకు విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ యంత్రాంగాన్ని ఉపయోగించుకుని, శరీరం తనంతట తానే ఎరిత్రోపాయిటిన్ తయారుచేసుకునేటట్టు ప్రేరేపించే మాత్రలివి. రోక్సాడుస్టాట్‌కు 2018 డిసెంబరులో చైనా మొదట అనుమతి ఇచ్చింది. 2021 ఏప్రిల్‌లో దాని తయారీ సంస్థ ఫైబ్రోజెన్, తాము అంతకుముందు ప్రకటించిన గుండె భద్రత విశ్లేషణల్లో కొన్ని అంశాలను ఫలితాలు వచ్చాక మార్చామని ఒప్పుకుంది. ముందు అనుకున్న పద్ధతిలో లెక్కిస్తే పాత మందు కంటే ఇది మెరుగైనదన్న మాట నిలవలేదు. ఆ ఏడాది ఆగస్టులో అమెరికా దానికి అనుమతి నిరాకరించింది. డాప్రోడుస్టాట్‌ను మాత్రం 2,964 మంది డయాలిసిస్ రోగులతో పరీక్షించారు. మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి మాత్ర జట్టులో 25.2 శాతం, ఇంజెక్షన్ జట్టులో 26.7 శాతం. పాతదానికి తీసిపోదని అంతటితో తేలింది, 2023 ఫిబ్రవరిలో అమెరికాలో డయాలిసిస్ రోగుల వరకు అనుమతి వచ్చింది. వాడాడుస్టాట్‌ను డయాలిసిస్ రోగుల్లో 3,923 మందితో పరీక్షించగా ఇంజెక్షన్‌కు తీసిపోలేదు. డయాలిసిస్ అవసరం రానివారిలో మాత్రం ఆ పరీక్ష నెగ్గలేదు. హిమోగ్లోబిన్ విషయంలో ఈ మందులన్నీ దాదాపు ఒకేలా పనిచేశాయి. తేడాలు బయటపడింది ప్రాణం, గుండె, మెదడు లెక్కపెట్టినప్పుడే.

మన దేశంలోనూ ఇటువంటి మాత్ర తయారైంది. జైడస్ సంస్థ రూపొందించిన డెసిడుస్టాట్‌కు 2022 మార్చిలో మన ఔషధ నియంత్రణాధికారి అనుమతి ఇచ్చారు. ఇది సంతోషించదగిన విషయం. చల్లగా భద్రపరచవలసిన ఇంజెక్షన్ కంటే మాత్ర పల్లెటూరి రోగికి ఎంతో సులువు. డయాలిసిస్ రోగుల్లో దానిని పరీక్షించిన డ్రీమ్-డి ప్రయోగంలో 392 మంది పాల్గొన్నారు, 24 వారాల పాటు ఎరిత్రోపాయిటిన్ ఇంజెక్షన్ అయిన ఎపోయిటిన్‌తో పోల్చి చూశారు. హిమోగ్లోబిన్ పెంచడంలో మాత్ర ఇంజెక్షన్‌కు తీసిపోలేదని స్పష్టంగా తేలింది. ఆ ప్రశ్న వరకు అది సరైన ప్రయోగమే. కాని పివోటల్‌లో రెండేళ్ల పైచిలుకు కాలంలో దాదాపు నలుగురిలో ఒకరు చనిపోయారు. అదే రేటు ఇక్కడా ఉంటుందనుకుంటే 392 మందిలో 24 వారాల్లో సుమారు ఇరవై మరణాలు మాత్రమే ఊహించగలం. ఆ ఇరవై రెండు జట్లలో ఎలా పంచుకున్నా దాని నుంచి మరణాల గురించి ఏ మాటా గట్టిగా చెప్పలేం. మాత్ర హానికరమని నేను అనడం లేదు. హానికరమో కాదో తేల్చగల పరీక్ష మన రోగుల్లో ఇంకా జరగవలసి ఉందంటున్నాను.

మా పిన్నికి వారానికి రెండుసార్లు డయాలిసిస్. కొన్ని నెలల క్రితం హిమోగ్లోబిన్ బాగా పెరిగిందని ఇంట్లో అందరం సంతోషించాం. ఆవిడ మాత్రం, “రక్తం పదికొచ్చిందంటున్నారు గానీ, డయాలిసిస్ అయిన రోజు గరిటె పట్టుకునే ఓపిక కూడా ఉండటం లేదు తల్లీ” అంది. ఈ మాటను నర్సు రాసుకోలేదు, డాక్టరు అడగలేదు, ఏ రిజిస్టరులోనూ దానికి గడి లేదు. డయాలిసిస్ పరిశోధనల్లో తప్పనిసరిగా కొలవవలసినవి ఏమిటో నిర్ణయించడానికి సాంగ్ అనే అంతర్జాతీయ కృషి జరిగింది. రోగులను, వారి ఇంటివాళ్లను, వైద్యులను కలిపి అడిగి నాలుగు అంశాలను తేల్చారు: నీరసం, గుండె జబ్బులు, రక్తమార్గం పనితీరు, మరణం. హిమోగ్లోబిన్ ఆ నాలుగింటిలో లేదు. నీరసాన్ని కొలవడానికి ఎంత అలసట ఉంది, ఓపిక ఉందా, రోజువారీ పనులు చేసుకోగలుగుతున్నారా అన్న మూడు ప్రశ్నల చిన్న పట్టిక కూడా తయారుచేశారు. దాన్ని తెలుగులో అడగడానికి ఐదు నిమిషాలు చాలు.

పరీక్షలు మన దగ్గరే జరగాలని నేను పట్టుబట్టడానికి కారణాలున్నాయి. బెసరాబ్ ప్రయోగంలో ఉన్నది గుండె జబ్బు ఉన్న అమెరికన్లు. ట్రీట్‌లో ఉన్నది మధుమేహ రోగులు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, మందస ప్రాంతాల కొబ్బరి, జీడి తోటల మధ్య, మధుమేహమూ రక్తపోటూ లేకుండానే కిడ్నీలు పాడవుతున్నవారు ఎందరో ఉన్నారు, కారణం ఇప్పటికీ తేలలేదు. వారిలో చాలామంది రెక్కల కష్టం మీద బతికేవారు. పాశ్చాత్య దేశాల్లో డయాలిసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, మన దగ్గర చాలామందికి రెండుసార్లే. పోయే రక్తం లెక్క, ఇనుము లెక్క మారిపోతుంది. మనకు క్షయ ఎక్కువ. ఫిస్టులా లేక నెలల తరబడి మెడ దగ్గరి క్యాథెటర్ మీదనే డయాలిసిస్ చేయించుకునేవారు ఎక్కువ. ఇనుము ఎక్కువ ఇస్తే ఇన్ఫెక్షన్లు పెరగవన్న పివోటల్ ఫలితం బ్రిటన్ రోగులది. అది మన రోగులకూ వర్తిస్తుందని ఆశించవచ్చు. కాని పరీక్షించకుండా హామీ ఇవ్వలేం.

పరీక్షించడానికి కావలసిన వేదిక మన దగ్గర ఇప్పటికే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం ద్వారా పేదలకు డయాలిసిస్ ప్రభుత్వ ఖర్చుతో అందుతూ వచ్చింది. 2016లో కేంద్రం జాతీయ డయాలిసిస్ కార్యక్రమం ప్రకటించింది. రెండు రాష్ట్రాల్లోనూ జిల్లా, ఏరియా ఆసుపత్రుల దాకా కేంద్రాలు వచ్చాయి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఒకే రోగి, ఒకే కేంద్రానికి, వారానికి రెండు మూడుసార్లు, ఏళ్ల తరబడి వస్తాడు. ప్రతిసారీ రికార్డు ఉంటుంది, నెలనెలా రక్తపరీక్ష ఉంటుంది. ఇంత క్రమంగా రోగిని చూసే వైద్యరంగం ఇంకొకటి లేదు. కెనడాలోని ఒంటారియోలో డయాలిసిస్ ద్రవం ఉష్ణోగ్రత ఎంత ఉండాలన్న ప్రశ్నపై 84 కేంద్రాలను చీటీ పద్ధతిలో విడదీసి, మామూలుగా నమోదయ్యే రికార్డులతోనే 15,413 మంది రోగుల ఫలితాలు రాబట్టారు, 2022లో ప్రకటించారు. చల్లటి ద్రవం వల్ల మేలు లేదని తేలింది. ‘లేదు’ అన్న జవాబు కూడా రోగులకు అవసరమే, అక్కడి రోగులు అనవసరంగా చలికి వణకకుండా అది కాపాడింది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది. పేదవాడి ఒంటి మీద ప్రయోగాలా? ఈ ప్రశ్న అడిగేవారిని నేను చులకన చేయను. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా కార్యక్రమం జరిగినప్పుడు, హాస్టళ్లలో ఉన్న గిరిజన బాలికల తరఫున తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారన్న సంగతి మన జ్ఞాపకంలో ఉంది, ఉండాలి కూడా. ఆ కార్యక్రమాన్ని 2010లో ఆపేశారు, పార్లమెంటరీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. తరువాత నిబంధనలు కట్టుదిట్టమయ్యాయి, 2019 నాటి కొత్త ఔషధాల, క్లినికల్ ట్రయల్స్ నియమాల్లో నష్టపరిహారం గురించి స్పష్టంగా ఉంది, ప్రతి ప్రయోగమూ ముందుగా జాతీయ రిజిస్ట్రీలో నమోదు కావాలి. అయినా నియమం కాగితం మీద ఉండటం వేరు, డయాలిసిస్ కుర్చీలో సూదులు గుచ్చుకుని నాలుగు గంటలు కదలలేని స్థితిలో ఉన్న మనిషి చేత సంతకం పెట్టించుకోవడం వేరు. ‘కాదంటే ఇక్కడ డయాలిసిస్ చేయరేమో’ అన్న భయం ఆ మనిషికి ఉంటుంది. అందువల్ల అంగీకారం డయాలిసిస్ లేని రోజున, ఇంటివాళ్ల సమక్షంలో, ఆ కేంద్రంలో పనిచేయని మనిషి ద్వారా, వాడుక తెలుగులో చదివి వినిపించి తీసుకోవాలి. కాదన్నవారి వైద్యంలో తేడా రాదని రాతపూర్వకంగా చేతికి ఇవ్వాలి.

ఇంకొక సంగతి కూడా అభ్యంతరం చెప్పేవారు ఆలోచించాలని కోరతాను. ఇవాళ ఒక కేంద్రంలో ఫెరిటిన్ 300 ఉంటే ఐరన్ ఆపేస్తారు, పక్క జిల్లా కేంద్రంలో 600 ఉన్నా ఇస్తారు. ఒకచోట మందు ప్యాకేజీలోనే వస్తుంది కనుక ఇస్తారు, మరొకచోట బయట కొనుక్కోవాలి కనుక రోగి మానేస్తాడు. ఎవరి అంగీకారమూ తీసుకోకుండా, ఎవరూ ఫలితం లెక్కించకుండా, ఎవరికి ఏది మంచిదో తెలియకుండానే ఇదంతా నడుస్తోంది. 1990లలో హిమోగ్లోబిన్ పెంచుతూపోయిన రోజుల్లో అమెరికాలో జరిగింది ఇదే.

మొదట జరగవలసిన ప్రయోగం నా దృష్టిలో ఐరన్ మీద. పివోటల్ పద్ధతిలోనే ముందస్తుగా ఎక్కువ ఇవ్వడం, తగ్గినప్పుడే ఇవ్వడం అన్న రెండు విధానాలను రోగులవారీగా యాదృచ్ఛికంగా విభజించి, కనీసం రెండేళ్లు, రెండు మూడు వేల మందితో పోల్చాలి. వారానికి రెండు డయాలిసిస్‌లు, క్యాథెటర్, పూర్వం క్షయ సోకిన చరిత్ర ఉన్నవారిని తప్పించకుండా చేర్చుకుని, విభజించే సమయంలోనే ఆ వివరాలు నమోదు చేయాలి. చురుకైన ఇన్ఫెక్షన్ ఉన్న వారాల్లో ఐరన్ ఆపే నిబంధన రెండు జట్లకూ ఒకటిగా ఉండాలి. ఐరన్ సుక్రోజ్ ఇప్పటికే అన్నిచోట్లా వాడకంలో ఉన్న చౌక మందు. అసలు ఖర్చు పర్యవేక్షణకూ, రికార్డుల నిర్వహణకూ అవుతుంది. ఏ కంపెనీకీ ఇందులో పెద్ద లాభం లేదు కనుక ఆ డబ్బు ప్రభుత్వ పరిశోధన నిధుల నుంచే రావాలి. ఫలితాలను మధ్యమధ్యలో చూసి, అవసరమైతే ప్రయోగాన్ని ఆపించే అధికారం ఉన్న స్వతంత్ర సంఘంలో డయాలిసిస్ చేయించుకుంటున్న రోగి ఒకరైనా సభ్యులుగా ఉండాలి.

దానికంటే ముందు, ప్రయోగం అనుమతులు వచ్చేలోగానే చేయగలిగిన పని ఒకటుంది. డయాలిసిస్ బిల్లు కోసం కేంద్రాలు ఇప్పటికే పంపుతున్న వివరాలతో పాటు ఆ నెల హిమోగ్లోబిన్, ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్, ఇచ్చిన ఎరిత్రోపాయిటిన్ మోతాదు, బ్రాండు, బ్యాచ్ నంబరు, ఇచ్చిన ఐరన్, రక్తం ఎక్కించారా లేదా, నీరసం పట్టికలోని మూడు జవాబులు చేర్చాలి. రోగి రావడం మానేస్తే ఎందుకు మానేశాడో రాయాలి: కిడ్నీ మార్పిడి జరిగిందా, వేరే కేంద్రానికి వెళ్లాడా, చనిపోయాడా, చనిపోతే దేనివల్ల. ఈ వరుసలు ఆ ఫారంలో చేరితే, ఐరన్ ప్రయోగానికి ఎంత మంది కావాలో లెక్కకట్టే పని నా వంటి గణాంక అధ్యాపకులు ఎవరైనా వారం రోజుల్లో చేసి ఇవ్వగలరు.